పక్షాంతరం నేర్పించాను, సమీకరణం మాత్రం రాలేదు

ఈసారి ఉత్తరం ఒక లెక్కల టీచర్‌ది. వివరాలు బయటికి తెలియకూడదన్నారు కాబట్టి పేరు లేకుండా సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆవిడ ఉద్యోగంలో చేరి ఎంతోకాలం కాలేదు. ఎనిమిదో తరగతిలో లెక్కల్లో బాగా వెనకబడ్డ తొమ్మిది మందిని ఒక బ్యాచ్‌గా చేసి, బడి అయ్యాక స్పెషల్ క్లాసు తీసుకోమని ఆవిడకు అప్పగించారు. పరీక్షలకు ఇంకా ఆరు వారాలుంది. ఆవిడ సామాన్య సమీకరణాలతో మొదలుపెట్టారు. ‘ఎక్స్ ఉన్నవన్నీ ఒకవైపు, అంకెలన్నీ ఇంకోవైపు, అటు వెళ్తే గుర్తు మారుతుంది’ అని పక్షాంతరం నేర్పారు. బోర్డు మీద చేస్తుంటే అందరూ తలలూపుతున్నారు. పక్కన కూర్చుని చేయిస్తే చేస్తున్నారు. ఎక్స్ + 7 = 12 లాంటివి ఇరవై ఇస్తే ఇరవై చేసుకొస్తున్నారు. మర్నాడు 7 = ఎక్స్ + 2 అని రాస్తే మాత్రం ‘ఇలాంటిది మీరు చెప్పలేదు మేడమ్’ అంటున్నారు. 3ఎక్స్ + 5 = 20 ఇస్తే 8ఎక్స్ = 20 అని రాస్తున్నారు. 3ఎక్స్ = 15 ఇస్తే ఒకరికి 12 వస్తోంది, ఇంకొకరికి −5 వస్తోంది.

ముగ్గురి గురించి ఆవిడ ప్రత్యేకంగా రాశారు. ఒకబ్బాయి జవాబు నోటితో టక్కున చెప్తాడు, స్టెప్పులు రాయమంటే రాయడు. ఒకమ్మాయి నోట్‌బుక్ చూడముచ్చటగా ఉంటుంది, కానీ ప్రతి లైనుకూ తలెత్తి ‘కరెక్టేనా మేడమ్?’ అని అడుగుతుంది. ఇంకో అబ్బాయి ‘నాకు లెక్కలు రావు’ అని ముందే చెప్పేసి కాగితం తెల్లగా ఇచ్చేస్తాడు.

స్టాఫ్‌రూంలో ఒక సీనియర్ సార్ ‘అర్థం కావడాలు తర్వాత, ముందు రూలు బట్టీ పట్టించండి, పాస్ మార్కులొస్తాయి’ అంటున్నారట. స్నేహితురాలైన ఇంకో టీచరేమో ‘ఐదో తరగతి లెక్కల నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే’ అంటోందట. హెడ్మాస్టరు గారికి వారం వారం ప్రోగ్రెస్ చూపించాలి. ‘వెనక్కి వెళ్లాలా, బట్టీ పట్టించాలా, లేక నాకే చెప్పడం చేతకావడం లేదా? ఆదివారం సాయంత్రమయ్యేసరికి టెన్షన్ మొదలవుతోంది’ అని ఉత్తరం ముగించారు.

మీ మూడో ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను, అది తేలిపోతే మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. చెప్పడం చేతకాని వాళ్లు 3ఎక్స్ = 15 దగ్గర ఒకరికి 12, ఇంకొకరికి −5 వచ్చిందని విడివిడిగా గమనించరు. ‘తప్పులు చేస్తున్నారండీ’ అని ఒక్క ముక్కలో రాసి ఊరుకుంటారు. మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది ఆ రెండు అంకెలే.

వాటినే తీసుకుందాం. 12 రాసిన పిల్లవాడు ఏం చేసుంటాడు? 3ను అటు పంపాడు, గుర్తు మార్చాడు, 15 − 3 చేశాడు. −5 రాసిన పిల్లవాడికి 3 ఎక్స్‌ను గుణిస్తోందని తెలుసు, భాగించాలనీ తెలుసు. కానీ అటు వెళ్తే గుర్తు మారాలన్నారు కదా, అందుకని −3తో భాగించాడు. ఇద్దరూ మీ మాట వినలేదని కాదు, తు.చ. తప్పకుండా విన్నారు. మారేది ఏ గుర్తో, ఎందుకు మారుతుందో తెలియకుండా పాటిస్తే వచ్చే జవాబులే అవి.

8ఎక్స్ = 20 రాసినవాళ్లది వేరే సంగతి. వాళ్లింకా రూలు దాకా రానే లేదు. ఒకటో తరగతి నుంచి ప్లస్ కనిపిస్తే కలిపేసి ఒకే జవాబు రాయడం వాళ్లకు అలవాటు. 3ఎక్స్ + 5 అని వదిలేస్తే సగంలో ఆపేసిన లెక్కలా అనిపిస్తుంది. అందుకే 3కు 5 కలిపేసి, పక్కన ఎక్స్ తగిలించి, హమ్మయ్య అనుకున్నారు. ఎక్స్ ఉన్నవి ఎక్స్ ఉన్నవాటితోనే, అంకెలు అంకెలతోనే కలుస్తాయనే సజాతి, విజాతి పదాల పాఠం మీరు చెప్పే ఉంటారు, వాళ్లు నిర్వచనం అప్పజెప్పే ఉంటారు. అయినా చెయ్యి పాత అలవాటు ప్రకారమే పోతుంది.

ఇక 7 = ఎక్స్ + 2 దగ్గర ఆగిపోయినవాళ్లు. వాళ్ల దృష్టిలో సమానం గుర్తు అంటే ‘ఇక్కడ జవాబు రాయి’ అని. జవాబు ఎడమవైపు ముందే వచ్చి కూర్చోవడం వాళ్లెప్పుడూ చూడలేదు. ఇది మీ పిల్లల ప్రత్యేకత అనుకోకండి. 8 + 4 = □ + 5 అనే లెక్కను అమెరికాలో ప్రాథమిక తరగతుల పిల్లలకు ఇచ్చి చూసిన అధ్యయనం ఒకటి 1999లో అచ్చయింది. ఆరో తరగతి పిల్లలు 145 మందిలో ఒక్కరు కూడా పెట్టెలో 7 రాయలేదు. ఎనిమిదీ నాలుగూ పన్నెండు కాబట్టి 12 అన్నారు, లేదా కనిపించినవన్నీ కలిపేసి 17 అన్నారు. కూడికలు వచ్చిన పిల్లలే వీళ్లంతా. రెండు వైపులా ఒకే విలువ ఉండాలన్న సంగతి మాత్రం ఎవరూ వాళ్లతో కూర్చుని మాట్లాడలేదు. మీ పిల్లల నోట్‌బుక్కుల్లో 5 × 3 = 15 + 4 = 19 అని ఎక్కడైనా రాసుందేమో చూడండి. ఉంటే అది కూడా ఈ బాపతే. చివరి జవాబు సరైనదే కాబట్టి ఎవరూ దాన్ని కొట్టేయరు, అలా ఏళ్ల తరబడి సాగిపోతుంది.

అంటే మీ తొమ్మిది మందిదీ ఒకే ఇబ్బంది కాదు. సీనియర్ సార్ సలహాలోనూ, మీ స్నేహితురాలి సలహాలోనూ నాకు కనిపించే లోపం ఒకటే: ఇద్దరూ తొమ్మిది మందికీ కలిపి ఒకే మందు రాసేస్తున్నారు. ఎవరు ఎక్కడ తడబడుతున్నారో చూడకుండా ఇంకో ముప్పై లెక్కలిచ్చినా దండగే, ఐదో తరగతికి వెళ్లినా దండగే.

కాబట్టి రేపటి క్లాసులో ముందు పావుగంట తీసుకుని చిన్న కాగితం ఒకటి ఇవ్వండి. పరీక్ష అనే మాట వాడొద్దు, మార్కులు వేయొద్దు. 8 + 4 = □ + 5లో పెట్టెలో ఎంత? 7 = 3 + 4 అని రాస్తే ఒప్పా, తప్పా? 6 = 6 అని రాస్తేనో? ఎక్స్ విలువ 4 అయితే 3ఎక్స్ ఎంత? 2 − 9, −3 + 8, −6 ÷ 2 ఎంతెంత? ఒక సంఖ్యను 3తో గుణించి 5 కలిపితే 20 వచ్చింది, ఆ సంఖ్య ఏది? కాగితం తిప్పితే వెనకవైపు 3ఎక్స్ + 5 = 20. ఇంతే.

మొదటి మూడింటితో సమానం గుర్తును ఎలా చదువుతున్నారో తెలిసిపోతుంది. 6 = 6 తప్పు అనేవాళ్లు ఉంటారు, ‘అందులో లెక్కేది?’ అని అడుగుతారు. 3ఎక్స్ ఎంత అంటే 34 అని రాసేవాళ్లూ ఉంటారు, 3 పక్కన 4 పెట్టేశారన్నమాట. వాళ్లకు 3ఎక్స్‌లో గుణకారం దాగి ఉందని ఎన్నిసార్లు చెప్పినా కంటికి కనిపించదు, అందుకని కొన్నాళ్లు 3 × ఎక్స్ అని పూర్తిగా రాయించండి. పుస్తకంలో అలా లేదని మొహమాట పడకండి.

అసలు చూడాల్సింది చివరి రెండు ప్రశ్నల మధ్య తేడా. రెండూ ఒకే లెక్క. మాటల్లో అడిగితే 5 అని చెప్పి, సమీకరణంగా అడిగితే బోల్తా పడేవాళ్లు మీ తొమ్మిది మందిలో కనీసం ఇద్దరు ముగ్గురు తేలతారని నా నమ్మకం. రాత లెక్కలు కష్టం, సమీకరణాలు సులువు అని మనం అనుకుంటాం, పాఠ్యపుస్తకం కూడా అదే వరసలో పెడుతుంది. కోడింగర్, నేథన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించారు. బీజగణితం మొదలుపెట్టిన పిల్లలు మాటల్లో ఇచ్చిన లెక్కల్నే మెరుగ్గా చేశారని, అదే లెక్కను గుర్తుల్లో ఇస్తే వెనకబడ్డారని 2004లో ప్రచురించారు. టీచర్ల అంచనాలేమో అంతకుముందు ఈ పరిశోధకులే అడిగినప్పుడు దీనికి తలకిందులుగా ఉన్నాయి. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. తొమ్మిదో శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణితమంతా మాటల్లోనే ఉంది, ఒక్క గుర్తు కూడా లేదు. సమానం గుర్తును రాబర్ట్ రికార్డ్ మొదటిసారి అచ్చులో వాడింది 1557లో. తెలియని రాశికి ఎక్స్ అని రాసే అలవాటు దెకార్త్ 1637లో వేసిన పుస్తకంతో స్థిరపడింది. పెద్ద పెద్ద గణితవేత్తలు వందల ఏళ్లకు చేరుకున్న రాతను మనం పిల్లలకు ఒక్క వారంలో అలవాటు చేయాలని చూస్తున్నాం.

కాగితాలు చూశాక మీ ముందు మూడు దారులుంటాయి. ఒక్కొక్కదానికీ ఏం చెల్లించాలో చెప్తాను, ఎంచుకోవడం మీ ఇష్టం.

సీనియర్ సార్ దారిని నేను వెక్కిరించను. ఆయన కళ్లముందు ఎన్నో బ్యాచ్‌లు పాసై వెళ్లి ఉంటాయి. పరీక్షకు నాలుగు రోజులే ఉంటే నేనూ మీకు అదే చెప్పేదాన్ని. రూలు బట్టీ పట్టి, ఒకే మూసలో యాభై లెక్కలు చేస్తే, పరీక్షలో ఆ మూసలో వచ్చిన రెండు మూడు ప్రశ్నలు గట్టెక్కుతాయి. దాని ఖర్చు మీరిప్పటికే చూస్తున్నారు: అంకె కాస్త అటూ ఇటూ జరిగితే చాలు, పిల్లలు ఆగిపోతారు. భిన్నాలొస్తే, బ్రాకెట్లొస్తే మళ్లీ కొత్త రూలు, మళ్లీ కొత్త బట్టీ. పై తరగతికి వెళ్లాక రెండు చరరాశుల సమీకరణాలు వచ్చేసరికి మోసుకెళ్లిన రూళ్లన్నీ ఒకదానికొకటి అడ్డం పడతాయి. మీకు ఆరు వారాలుంది కాబట్టి ఇంత ఖర్చు పెట్టాల్సిన అవసరం లేదు.

మీ స్నేహితురాలి దారిలో నిజాయితీ ఉంది, టైమే లేదు. పైగా పదమూడేళ్ల పిల్లలకు ఐదో తరగతి పుస్తకం చేతికిస్తే వాళ్లకు ముందు అర్థమయ్యేది లెక్క కాదు, అవమానం. కాగితం తెల్లగా ఇచ్చే మీ అబ్బాయి ఆ రోజు నుంచి రావడమే మానేస్తాడు. కూడిక, గుణకారం కూడా బొత్తిగా రాని పిల్లలు ఒకరిద్దరు తేలితే వాళ్లకు మాత్రం ఆ పని చేయక తప్పదు. అదీ మిగతావాళ్ల ముందు కాకుండా, విడిగా.

మూడోది, నేను మొగ్గు చూపేది: సమీకరణాల్లోనే ఉండి, వెనకటి లోపాల్ని అక్కడే సరిచేయడం. పక్షాంతరాన్ని మొదటి మూడు వారాలు పూర్తిగా దాచేయడం. దీనికి కూడా ధర ఉంది. మొదటి రెండు వారాల్లో నోట్‌బుక్కుల్లో చూపించుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. స్టాఫ్‌రూంలో ‘ఇంకా అక్కడే ఉన్నారా?’ అని అడుగుతారు. దానికి మీరు సిద్ధపడాలి.

ఈ దారి ఎంచుకుంటే మొదటి వారమంతా అంకెలతోనే గడపొచ్చు, ఎక్స్ రాకపోయినా ఫర్వాలేదు. 9 + 6 = □ + 5, 20 − □ = 13, 14 = □ + 6 లాంటివి నోటితో అడగండి. 37 + 48 = 38 + 47 ఒప్పా తప్పా, కలపకుండా చెప్పమనండి. ఇలాంటి వాటికి పిల్లలు వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి. రోజూ మొదటి ఐదు నిమిషాలు సంఖ్యారేఖ గీసి రుణ సంఖ్యలు. సమీకరణం రావడం లేదని మనం అనుకునే చాలా సందర్భాల్లో పిల్లవాడు పద్ధతి అంతా సరిగ్గా చేసి చివర్లో 2 − 9 దగ్గర 7 రాసేస్తాడు. అది సమీకరణం తప్పు కాదు, కానీ ఎర్ర ఇంకు పడేది మాత్రం మొత్తం లెక్క మీద.

ఆ తర్వాత సమీకరణం. 3ఎక్స్ + 5 = 20 అని రాసి, 3ఎక్స్ మీద వేలు పెట్టి మూసేయండి. ‘దేనికి 5 కలిపితే 20?’ అని అడగండి. పదిహేను అంటారు. వేలు తీయండి. మూసిన చోట ఉన్నది 3ఎక్స్, అది 15. ‘మూడు ఎన్నిసార్లయితే పదిహేను?’ అయిదు. ఇందులో రూలేమీ లేదు, ఎవరూ ఎటూ వెళ్లలేదు. 8ఎక్స్ రాసే పిల్లలకు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. వేలి కింద 3ఎక్స్ మొత్తం ఒకే ముక్కగా ఉంటుంది కాబట్టి అందులోంచి 3ను మాత్రం లాక్కొచ్చి 5కు కలపాలన్న బుద్ధి పుట్టదు. 2(ఎక్స్ + 3) = 14 కూడా దీంతో తేలిపోతుంది: బ్రాకెట్ మూసేస్తే రెండు దేనితో గుణిస్తే పద్నాలుగు, ఏడు, ఏడు కావాలంటే ఎక్స్ నాలుగు. బ్రాకెట్ బయటి సంఖ్య లోపలి ప్రతిదాన్నీ గుణించాలన్న విభాగ న్యాయం మర్చిపోయి 2ఎక్స్ + 3 అని రాసే పిల్లలకు ఇది ఊరట. ఎక్స్ ÷ 4 + 1 = 3 కూడా అంతే.

ఈ వేలు ఎంతదూరం వస్తుందో మీకు ముందే తెలిసుండాలి. 5ఎక్స్ + 2 = 3ఎక్స్ + 10 దగ్గర ఆగిపోతుంది. ఏది మూసినా ఇంకోవైపు ఎక్స్ మిగులుతుంది. తెలియని రాశి రెండు వైపులా వచ్చినప్పుడే పిల్లలకు అంకగణితం చాలదని, అక్కడ టీచరు చెయ్యి పట్టుకుని దాటించాలని మెక్సికోకు చెందిన ఇద్దరు పరిశోధకులు 1989లో రాశారు. మీ క్లాసులో కూడా ఆ రోజు ప్రత్యేకమైనదే అనుకోండి, తొందరపడొద్దు. అప్పుడు త్రాసు బొమ్మ గీయండి. ఎడమ పళ్లెంలో ఐదు ఎక్స్‌లు, రెండు. కుడి పళ్లెంలో మూడు ఎక్స్‌లు, పది. రెండు పళ్లేల్లోంచీ మూడు ఎక్స్‌లు తీసేస్తే ముల్లు కదలదు. 2ఎక్స్ + 2 = 10. రెండు వైపులా 2 తీసేయండి. 2ఎక్స్ = 8, ఎక్స్ = 4. ప్రతి లైను పక్కనా ‘రెండు వైపులా ఏం చేశాను’ అని రాయించండి. పేజీ నిండిపోతుంది, నిండనివ్వండి.

త్రాసుకూ ఒక హద్దుంది. 3ఎక్స్ + 10 = 4 ఇస్తే జవాబు −2, పళ్లెంలో మైనస్ రెండు పెట్టలేం. దాన్ని అక్కడిదాకా ఈడ్చుకుపోయి, మైనస్ అంటే పైకి లాగే బెలూను అని ఏవేవో కల్పించే బదులు ‘బొమ్మ పని అయిపోయింది, ఇప్పటి నుంచి రెండు వైపులా ఒకటే పని చేయడం ఒక్కటే గుర్తుంచుకుందాం’ అని చెప్పేయడం మేలు.

ఇలా పది పన్నెండు రోజులు చేశాక పిల్లల్లో ఎవరో ఒకరికి విసుగొస్తుంది. ‘ఇంత రాయడం ఎందుకు మేడమ్, ఇటు ప్లస్ ఐదు తీసేస్తే అటు మైనస్ ఐదు వస్తుంది కదా, డైరెక్టుగా రాసేస్తే పోలా?’ అంటారు. పక్షాంతరం అనే పేరు బోర్డు మీద రాయాల్సింది ఆ రోజు. అప్పటికి వాళ్లకు తెలుసు, ఎటూ ఏదీ దూకలేదని, రెండు వైపులా చేసిన పనిలో ఒక వైపు రాయడం మానేశామని. 3ఎక్స్ = 15లో ఎందుకు గుర్తు మారదో కూడా అడిగి చూడండి, చెప్పగలగాలి. చెప్పలేనివాళ్లు ఇంకో వారం పొడవాటి దారిలోనే వెళ్తారు, వాళ్ల మీద నామోషీ పెట్టొద్దు.

లెక్కలు ఇచ్చే తీరు గురించి రెండు మాటలు. ఒకే మూసవి ఇరవై ఇస్తే పిల్లలు ఇరవయ్యో దాన్ని పంతొమ్మిదో దాన్ని చూసి చేస్తారు, సమీకరణం వైపు కూడా చూడరు. ఆరు లెక్కలు చాలు, ఆరూ ఆరు రకాలుగా ఉండాలి. ఎక్స్ కుడివైపు ఉన్నది ఒకటి, సున్నా జవాబు వచ్చేది ఒకటి, భిన్నం వచ్చేది ఒకటి, 5 − 2ఎక్స్ = 11 లాంటిది ఒకటి. చివరిదానికి 3 అని వస్తే మైనస్ ఎక్కడ జారిపోయిందో వాళ్లనే వెతకమనండి.

కొత్త రకం మొదలుపెట్టేటప్పుడు వాళ్లను ఖాళీ పేజీతో వదలకండి. చేసి చూపించిన లెక్క ఒకటి, దాని పక్కనే అలాంటిదే చేయాల్సింది ఒకటి, అలా జంటలుగా ఇవ్వండి. సరిగ్గా బీజగణితం లెక్కల మీదే స్వెల్లర్, కూపర్ అనేవాళ్లు 1985లో ఈ పద్ధతిని పరీక్షించారు. అన్నీ సొంతంగా చేసినవాళ్ల కంటే, చేసి ఉన్నవి చదువుతూ మధ్యమధ్యలో చేసినవాళ్లు తక్కువ సమయంలో నేర్చుకుని, ఆ తర్వాత అలాంటి లెక్కల్ని వేగంగా, తక్కువ తప్పులతో చేశారు. అప్పుడప్పుడూ తప్పుగా చేసిన లెక్కను కూడా ఇచ్చి, ఎక్కడ చెడిందో కనిపెట్టమనండి. తప్పులు మీ దగ్గర కావలసినన్ని ఉన్నాయి. ఎవరిదో తెలిసేలా మాత్రం ఇవ్వొద్దు.

ఇప్పుడు ఆ ముగ్గురు. టక్కున జవాబు చెప్పే అబ్బాయితో స్టెప్పుల కోసం యుద్ధం చేయకండి. ఎక్స్ + 7 = 12కు నాలుగు లైన్లు ఎందుకన్న అతని ప్రశ్నలో న్యాయముంది. అతనికి 7ఎక్స్ − 3 = 2ఎక్స్ + 9 ఇచ్చి చూడండి. జవాబు 12/5. పూర్ణ సంఖ్యలన్నీ వేసి చూసినా దొరకదు, అప్పుడు రాసుకోవాల్సిన అవసరం అతనికే కలుగుతుంది. పరీక్షలో స్టెప్పులకు మార్కులుంటాయన్న సంగతి కూడా దాచకుండా చెప్పండి, అది చిన్న విషయమేమీ కాదు. ఇంకో మార్గం, తెల్ల కాగితం అబ్బాయి పక్కన కూర్చోబెట్టి ‘నువ్వెలా కనిపెట్టావో వీడికి చెప్పు’ అనడం. అందులో ఒక ప్రమాదం ఉంది: చెప్పకుండా జవాబు అందించేస్తాడు. అలా జరుగుతుంటే వెంటనే విడదీయండి.

‘కరెక్టేనా?’ అని అడిగే అమ్మాయికి జవాబు చెప్పడం మానేయండి. కోపంగా కాదు, నవ్వుతూనే. ‘నువ్వే చూసుకో’ అని ఎక్స్ స్థానంలో తన అంకె వేయించండి. 3ఎక్స్ = 15కు 12 వచ్చిందనుకోండి, మూడు పన్నెండ్లు ముప్పై ఆరు. కాదని తనకే తెలిసిపోతుంది. సరిచూడటం అంటే ప్రతి లెక్క చివరా అలవాటు కొద్దీ రాసే లైను అనుకుంటాం. ఈ అమ్మాయికి అది మీ మొహం చూడకుండా బతికే మార్గం. సమీకరణాల్లో ఉన్న పెద్ద సౌకర్యం కూడా ఇదే, జవాబు ఒప్పో తప్పో ఇంకొకరు చెప్పక్కర్లేదు. మొదటి వారం తను బిక్కమొహం వేస్తుంది. ఒకటి రెండుసార్లు కళ్లనీళ్లు కూడా రావచ్చు. అయినా వెనక్కి తగ్గొద్దని నా సలహా, కానీ ఆ అమ్మాయిని రోజూ చూసేది మీరు, నేను కాదు. మరీ కుంగిపోతోందనిపిస్తే మూడు లైన్లకొకసారి అడగొచ్చని సడలించండి.

మూడో అబ్బాయి విషయంలో నేను గట్టిగా ఏమీ చెప్పలేను, మీరు రాసినదాంట్లో అంత వివరం లేదు. బోర్డు మీది అక్షరాలు కనిపిస్తున్నాయా, ప్రశ్న చదవగలుగుతున్నాడా అన్నది ముందు చూడండి, ఇవి వింటే మామూలుగా అనిపిస్తాయి కానీ చాలామంది చూడరు. ఆ రెండూ బాగుంటే, ఆ చిన్న కాగితం అతనికి రాతగా ఇవ్వకుండా నోటితో అడగండి. ‘ఒక సంఖ్య అనుకున్నాను, 3తో గుణించి 5 కలిపాను, 20 వచ్చింది’ అన్నదానికి జవాబు చెప్పాడంటే, అదే లెక్కను అతని ముందే సమీకరణంగా రాసి ‘ఇప్పుడు నువ్వు చేసింది ఇదే’ అని చూపించండి. నీకు తెలివుంది, కష్టపడితే వస్తుంది లాంటి మాటలు ఆ వయసు పిల్లలు నమ్మరు. చేసేసిన లెక్కను కాదనలేరు. మాటల్లో అడిగినా చెప్పలేకపోతే మాత్రం అతనికి కావలసింది వేరే, ఈ బ్యాచ్‌లో ఉంచి ఆరు వారాల్లో సమీకరణాలు నేర్పాలనుకోవడం మీకూ అతనికీ ఇద్దరికీ శిక్షే. ఆ సంగతి ఇంట్లో పెద్దవాళ్లతోనూ, క్లాస్ టీచరుతోనూ మాట్లాడాలి.

సీనియర్ సార్‌తో వాదన పెట్టుకోకండి. ‘పక్షాంతరం తప్పకుండా చెప్తాను సార్, నాలుగో వారంలో’ అంటే సరిపోతుంది, అది నిజం కూడా. ఆయన దగ్గర పాత ప్రశ్నపత్రాలుంటే అడిగి తీసుకోండి, చివరి వారానికి పనికొస్తాయి.

హెడ్మాస్టరు గారి దగ్గర మాత్రం ముందే నోరు విప్పాలి. మొదటి రెండు వారాల్లో మార్కులు చూపించలేనని ఇప్పుడే చెప్పడం వేరు, రెండో శనివారం ఆయన అడిగాక చెప్పడం వేరు. మొదటి రోజు కాగితాలు దాచిపెట్టండి. రెండు వారాల తర్వాత అంకెలు మార్చి అవే ప్రశ్నలు మళ్లీ ఇవ్వండి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఆయనకు చూపించండి. ఆయన ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకోకుండా వారం వారం మార్కులే కావాలంటే, వారంలో ఒక రోజు పరీక్ష మూసలోని లెక్కలకు వదిలేసి, మిగతా రోజులు మీ పద్ధతిలో నడపండి. అప్పుడు పని కొంచెం నెమ్మదిస్తుంది, పక్షాంతరం ఐదో వారానికి జరుగుతుంది. బ్రాకెట్లున్న పెద్ద లెక్కలు కొందరికి అందకపోవచ్చు. ఆ లెక్కలు వదిలేసినా తొమ్మిది మందిలో ఎక్కువమంది ఒక చిన్న సమీకరణాన్ని మీరు పక్కన లేకుండా చేసి, తమ జవాబును తామే సరిచూసుకోగలిగితే ఆరు వారాలకు అది తక్కువేమీ కాదు.